ట్యూబ్ తీసి ఎల్‌ఈడీ పెట్టడమే.. అసలు పనంతా అందులోనే!

పాత కారవాన్లు, బోట్లు, బస్సుల్లో లైట్ల మార్పిడి.. గోదావరి జిల్లాల యువతకు చేతిలో పని, ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ అనుభవం

‘బ్యాటరీ 12 వోల్టులది. ఎల్‌ఈడీ స్ట్రిప్ మీద కూడా 12 వోల్టులనే రాసి ఉంది. రెండింటినీ నేరుగా కలిపేయొచ్చా?’

ఈ ప్రశ్న ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవారిని అడగండి, బీటెక్ ఈఈఈ పూర్తయినవారిని అడగండి. ‘ఓ, కలిపేయొచ్చు’ అనేవారే ఎక్కువ. అక్కడా పన్నెండే, ఇక్కడా పన్నెండే కదా అని! ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టి ఒక్కసారైనా చూసినవారు మాత్రం జవాబు చెప్పేముందు కాస్త ఆగుతారు. ఆ ఆగడమే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావాల్సింది. పుస్తకం చదివినవారికీ, చేత్తో పని చేసినవారికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఆ తేడా తెచ్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఓ పాత కారవాన్‌లో ట్యూబ్‌లైట్లు తీసి ఎల్‌ఈడీలు బిగించే పని చాలు. వినడానికి చిన్న పనే. ‘బల్బే కదండీ మార్చేది’ అంటారు ఓనర్లు. కానీ డీసీ సర్క్యూట్, వోల్టేజ్ డ్రాప్, ఫ్యూజు, పోలారిటీ, వేడి.. మీరు నాలుగేళ్లు విడివిడిగా చదివినవన్నీ ఆ అయిదారు లైట్ల దగ్గర ఒకేసారి ఎదురవుతాయి.

కారవాన్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది సినిమా షూటింగే. లొకేషన్లో నటీనటులు మేకప్ వేసుకోవడానికి, విశ్రాంతి తీసుకోవడానికి వాడే బండి. గోదావరి ఒడ్డున షూటింగులకు కొదవ లేదు కాబట్టి రాజమండ్రి చుట్టుపక్కల ఇవి కొత్తేమీ కాదు. ఇక పర్యాటకం సంగతి. కేరళ 2021లోనే ‘కేరవాన్ కేరళ’ పేరుతో ఒక విధానం తెచ్చింది. మన రాష్ట్రంలోనూ ఆ మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. అయినా నిజం చెప్పాలంటే ఒక్క కారవాన్లనే నమ్ముకుంటే ఈ ప్రాంతంలో నెలంతా పని దొరకదు. అందుకే దీన్ని కాస్త వెడల్పుగా చూడండి. పాపికొండల యాత్రకు వెళ్లే లాంచీలు, దిండి దగ్గరి హౌస్‌బోట్లు, పెళ్లిళ్లకు తిరిగే పాత టూరిస్టు బస్సులు, మొబైల్ క్యాంటీన్లు, మెడికల్ క్యాంపులకు వెళ్లే వ్యాన్లు.. వీటిలో బ్యాటరీ మీద నడిచే లైట్ల వైరింగ్ ఒకే కుటుంబానిది. ఒకటి నేర్చుకుంటే మిగతావి చాలావరకు వచ్చినట్టే.

2027కు ముడిపడిన రెండు విషయాలు

ఇప్పుడే ఎందుకంటే.. రెండు కారణాలున్నాయి. ఒకటి మన ఊరిది, ఇంకోటి ప్రపంచానిది. 2015లో జరిగిన గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకు మళ్లీ 2027లో వస్తున్నాయి. లాంచీలు, వ్యాన్లు, బస్సులు నడిపేవారంతా అంతకుముందే తమ బళ్లను బాగుచేయించుకుంటారు. రాత్రి పూట లైట్లు సరిగా లేని బండిని ఎవరూ అద్దెకు అడగరు.

రెండోది పాదరసం కథ. ఫ్లోరసెంట్ ట్యూబ్ వెలగాలంటే లోపల పాదరసం ఆవిరి ఉండాలి. ఒక్కో ట్యూబులో ఉండేది కొన్ని మిల్లీగ్రాములే. అయినా కోట్ల ట్యూబులు పగిలి మట్టిలో, నీళ్లలో కలిస్తే అది చిన్న సంగతి కాదు. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి కుదిరిన మినమాటా ఒప్పందంలో మన దేశం 2018లో చేరింది. 2023 చివర్లో జెనీవాలో జరిగిన సమావేశంలో మామూలు వెలుతురు కోసం వాడే పొడవాటి ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులను దశలవారీగా 2027 చివరికల్లా ఆపాలని సభ్యదేశాలు నిర్ణయించాయి. ఐరోపా యూనియన్ 2023లోనే చాలా రకాలను మార్కెట్ నుంచి తీసేసింది. అంటే పాత కారవాన్లలో ఉండే అడుగు పొడవు 8 వాట్ల ట్యూబు, అడుగున్నర పొడవు 15 వాట్ల ట్యూబు దొరకడం రానురాను కష్టమే. ఇష్టం ఉన్నా లేకపోయినా ఓనరు మార్చుకోక తప్పదు. మార్చేవాళ్లు ఎవరన్నదే ప్రశ్న.

మూత తీస్తే ఏముంటుంది?

ఇంట్లోని ట్యూబ్‌లైట్ మీకు తెలుసు. చోక్, స్టార్టర్, 230 వోల్టుల ఏసీ. కారవాన్‌లోని ట్యూబ్ అలా కాదు. దాని వెనక చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటుంటుంది. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల డీసీని అది వేల హెర్ట్జ్‌ల ఏసీగా మార్చి, ట్యూబ్ వెలగడానికి కావాల్సిన వందల వోల్టులకు పెంచుతుంది. దీన్నే మనవాళ్లు ‘ఎలక్ట్రానిక్ చోక్’ అంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త. ‘12 వోల్టులే కదా, షాకేం కొడుతుంది’ అని లైటు వెలుగుతుండగా ట్యూబ్ చివర్లు ముట్టుకుంటే గట్టి దెబ్బే తగులుతుంది.

ఈ చోక్‌లు పాతబడేకొద్దీ సన్నగా గీ.. మని శబ్దం చేస్తాయి. రేడియో పెడితే గరగరలు వస్తాయి. బ్యాటరీ కాస్త దిగినప్పుడు ట్యూబ్ సరిగా రాజుకోక, చివర్లు నల్లబడి తొందరగా పోతుంది. మన దగ్గర దీనికి తేమ తోడు. వానాకాలం గాలిలోని చెమ్మకు, అంతర్వేది, యానాం వైపు వెళితే ఉప్పు గాలికి, హోల్డర్లలోని రాగి, ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది. చాలాసార్లు ‘లైటు పోయింది’ అని పిలిస్తే పోయింది లైటు కాదు, కనెక్షనే. ముందు అది చూడకుండా కొత్త ఎల్‌ఈడీ బిగిస్తే నెల తిరక్కుండానే అదీ మినుకుమినుకుమంటుంది. మాట పడేది మీరే.

ఏది ముట్టుకునేముందైనా ఆ లైటుకు వచ్చేది ఎంత వోల్టేజో కొలవండి. మన దగ్గర మూడు రకాలు ఎదురవుతాయి. వ్యాన్ ఆధారంగా కట్టిన కారవాన్ అయితే సాధారణంగా 12. బస్సు, లారీ ఛాసిస్ మీద కట్టినదైతే 24 ఉండొచ్చు. కొన్నింటిలో అసలు డీసీ లైట్లే ఉండవు. జనరేటరో ఇన్వర్టరో పెట్టి ఇంట్లో వాడే 230 వోల్టుల ట్యూబులే బిగించేస్తారు. పెద్ద లాంచీల్లోనూ అంతే. ఈ మూడో రకంలో చేయి పెట్టాలంటే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ పక్కన ఉండాల్సిందే. మొదటి రెండింట్లో షాక్ భయం తక్కువ. నిప్పు భయం మాత్రం తక్కువ కాదు. బ్యాటరీ టెర్మినళ్లు షార్ట్ అయితే వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి. చేతిలో స్పానర్ ఎర్రబడేంత! అందుకే పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయడం, బయటి నుంచి కరెంటు కేబుల్ తగిలించి ఉంటే దాన్నీ పీకేయడం అలవాటుగా మారాలి. ఎందుకంటే ఆ బండిలో మనుషులు తలుపులు వేసుకుని నిద్రపోతారు.

పన్నెండంటే పన్నెండు కాదు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నిండుగా చార్జ్ అయి, కాసేపు ఊరకే ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ దగ్గర దాదాపు 12.7 వోల్టులు ఉంటాయి. ఇంజిన్ నడుస్తూ ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తుంటే 14.4 వరకు వెళుతుంది. రాత్రంతా వాడితే 11.5కు దిగొచ్చు. ‘12 వోల్టుల బ్యాటరీ’ అన్నది ముద్దు పేరే తప్ప కొలత కాదు. ఇదే 24 వోల్టుల బండిలో అయితే 23 నుంచి 29 మధ్య ఊగుతుంది.

మార్కెట్లో చౌకగా దొరికే 12 వోల్టుల స్ట్రిప్ తీసుకోండి. దాన్ని దగ్గరగా చూస్తే మూడేసి ఎల్‌ఈడీలు, వాటితో వరసలో ఒక రెసిస్టర్ కనిపిస్తాయి. ఒక్కో ఎల్‌ఈడీ దాదాపు 3.1 వోల్టులు తీసుకుంటుంది అనుకుందాం. మూడింటికి 9.3. సరఫరా కచ్చితంగా 12 ఉంటే రెసిస్టర్‌కు మిగిలేది 2.7 వోల్టులు. అది 150 ఓమ్‌లదైతే కరెంటు 18 మిల్లీ ఆంపియర్లు. బాగుంది. ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయండి. సరఫరా 14.4 అయింది. ఎల్‌ఈడీ వోల్టేజ్ పెద్దగా పెరగదు కాబట్టి ఆ అదనపు భారమంతా రెసిస్టర్ మీదే పడుతుంది. కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు దాటిపోతుంది. వోల్టేజ్ పెరిగింది 20 శాతమే, కరెంటు మాత్రం డెబ్బై ఎనభై శాతం పెరిగింది. రెసిస్టర్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది మూడింతలు! ఇరుకు ఫిక్చర్లో, మే నెల ఎండలో, రేకు కప్పు కింద ఆ స్ట్రిప్ ఎన్నాళ్లుంటుందో ఊహించుకోండి.

ఈ లెక్కను కాగితం మీద వేసి ఇంటర్వ్యూలో చూపించగలిగితే మీరు వేరే సర్టిఫికెట్ పెట్టక్కర్లేదు. కాలేజీలో డయోడ్ ఐవీ కర్వ్ గీశారు కదా, దాని అర్థం ఇదే.

మరి పరిష్కారం? సరఫరా ఎంత ఊగినా ఎల్‌ఈడీకి ఒకే కరెంటు పంపే డ్రైవర్ ఉన్న లైట్లు కొనడం. ప్యాకెట్ మీద ‘10-30 వోల్టుల డీసీ’ అని పరిధి రాసి ఉంటుంది. ఉత్తి ‘12 వోల్టులు’ అని ఉంటే రెండోసారి ఆలోచించండి. పరిధి ఉన్న లైటుతో ఇంకో లాభం, 12కూ 24కూ అదే పనికొస్తుంది. అయితే అన్ని డ్రైవర్లూ ఒకటి కాదు. మరీ నాసిరకంవి పాత చోక్‌లాగే రేడియోలో గరగరలు పుట్టిస్తాయి. బోటులో వైర్‌లెస్ సెట్ ఉంటే లైట్లు వేసి, ఆర్పి, రెండుసార్లూ దాన్ని పెట్టి వినండి. ఇది చాలామంది మర్చిపోయే పరీక్ష.

పాత ఫిక్చర్లోనే ఎల్‌ఈడీ ట్యూబ్ దూర్చి, చోక్‌ను అలాగే ఉంచే పద్ధతీ ఒకటుంది. ఇళ్లలో వాడేవాటికి అది కుదురుతుందేమో కానీ బళ్ల విషయంలో వద్దనే చెబుతాను. ఆ చోక్ ఎవరు తయారుచేశారో, ఏ ఫ్రీక్వెన్సీలో నడుస్తుందో తెలియదు. పైగా పాడవడానికి సిద్ధంగా ఉన్నది అదే. దాన్ని తీసి పక్కనపెట్టి, డీసీని నేరుగా కొత్త ఎల్‌ఈడీ డ్రైవర్‌కు ఇవ్వడమే శుభ్రమైన పని. ఫిక్చర్ రేకు, పైన పాలరంగు మూత బాగుంటే వాటిని ఉంచేయొచ్చు. ఓనరుకు ఖర్చు తగ్గుతుంది, కప్పు మీద పాత రంధ్రాలు కనిపించవు. ఒకటి మాత్రం చూసుకోండి. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. ఎల్‌ఈడీని తిరగేసి కలిపితే వెలగనే వెలగదు. వైరు రంగును నమ్మకండి. ఇరవై ఏళ్లలో ఎంతమంది మెకానిక్‌లు చేయి పెట్టారో! మీటర్నే నమ్మండి.

చివరి లైటు ఎందుకు మసక?

పాత కారవాన్ ఓనరు చెప్పే ఫిర్యాదు దాదాపు ప్రతిసారీ ఒకటే. ‘ముందు లైటు బాగుంటుందండీ, వెనక బెడ్ దగ్గరది మసక.’ ఇది లైటు తప్పు కాదు, వైరుది. లెక్క చూద్దాం.

రెండు 8 వాట్ల ట్యూబులున్న ఫిక్చర్, చోక్ నష్టంతో కలిపి దాదాపు ఒకటిన్నర ఆంపియర్ లాగుతుంది అనుకోండి. అలాంటివి అయిదు ఉంటే ఏడున్నర ఆంపియర్లు. బ్యాటరీ నుంచి వెనక్కి పది మీటర్ల దూరం. పోనూ రానూ ఇరవై మీటర్ల రాగి. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లదైతే దాని రెసిస్టెన్స్ సుమారు 0.23 ఓమ్. తేలిక కోసం లోడంతా చివర్లోనే ఉందనుకుంటే దారిలోనే దాదాపు 1.75 వోల్టులు పోతాయి. 230లో 1.75 పోతే లెక్కలోకి రాదు. 12లో పోతే ఏడో వంతు!

అదే అయిదు చోట్లా అర ఆంపియర్ తీసుకునే 6 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే మొత్తం రెండున్నర ఆంపియర్లు. డ్రాప్ అర వోల్టు చిల్లరకు దిగుతుంది. వైరు మార్చకుండానే వెనక లైటు ముందు లైటులా వెలుగుతుంది. అడుగు పొడవు 8 వాట్ల ట్యూబు కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చేది దాదాపు 400 ల్యూమెన్లు. అందులో సగం వెనక రేకు వైపు పోతుంది. ఎల్‌ఈడీ వెలుగంతా కిందికే వస్తుంది కాబట్టి 600 ల్యూమెన్ల ఎల్‌ఈడీ రెండు ట్యూబుల స్థానాన్ని బాగానే భర్తీ చేస్తుంది.

బ్యాటరీ సంగతి. రాత్రి అయిదు గంటలు లైట్లు వేస్తే ట్యూబులతో ముప్పై ఏడున్నర ఆంపియర్ అవర్లు, ఎల్‌ఈడీలతో పన్నెండున్నర. వంద ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అంటే చేతిలో ఉన్నది యాభై. అందులో ముప్పై ఏడు లైట్లకే పోతుంటే ఫ్యాను, నీళ్ల మోటారు, ఫోన్ చార్జింగ్ ఎక్కడి నుంచి నడవాలి? మిగిలిన పాతిక ఆంపియర్ అవర్లు అంటే 300 వాట్ అవర్లు. బాగా ఎండ కాసిన రోజున 100 వాట్ల సోలార్ ప్యానెల్ నుంచి నికరంగా చేతికొచ్చేది కూడా ఇంచుమించు అంతే. ఓనరుకు ఈ పోలిక చెబితే ఇట్టే అర్థమవుతుంది.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. రాత్రంతా జనరేటర్ వేసి ఏసీ నడిపే షూటింగ్ కారవాన్‌లో ఈ పొదుపు సముద్రంలో కాకిరెట్టంత. కిలోవాట్‌కు పైగా తినే ఏసీ పక్కన అరవై, డెబ్బై వాట్లు ఏపాటి? అలాంటి ఓనరుకు ‘డీజిల్ ఆదా అవుతుంది సార్’ అని చెప్పి పని తీసుకోకండి. అక్కడ ఎల్‌ఈడీకి వేరే కారణం ఉంది, వెలుగు నాణ్యత. మేకప్ అద్దం దగ్గర లైటుకు సీఆర్‌ఐ 90కి పైన ఉండాలి. లేదంటే చర్మం రంగు ఒకలా కనిపించి, ఎండలోకి రాగానే మరోలా కనిపిస్తుంది. మసకబార్చే డిమ్మర్ పెడితే కెమెరాలో చారలు వస్తున్నాయేమో ఫోన్‌తో చూడండి. ఆ బండి ఎక్కేవాళ్ల పనే కెమెరా ముందు. అక్కడ ఈ లోపం దాగదు.

పడుకునే చోట, తినే చోట 2700-3000 కెల్విన్ల పసుపు ఛాయ వెలుగు ఎంచుకోండి. తెల్లటి 6500 కెల్విన్ల లైటు చూడ్డానికి ‘బ్రైట్‌గా’ ఉంటుంది. షాపువాళ్లూ అదే చేతిలో పెడతారు. కానీ కాలవ గట్టున, వరి చేల పక్కన సాయంత్రం బండి ఆపి తలుపు తీస్తే తెలుస్తుంది. నీలం పాలు ఎక్కువున్న వెలుగుకు పురుగులు మరింతగా ముసురుతాయి. డెల్టాలో ఉండేవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫ్యూజు ఎవరి కోసం?

ఇది ఇంటర్వ్యూల్లో తరచుగా తప్పు చెప్పే ప్రశ్న. ఫ్యూజు లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. పాత సర్క్యూట్‌కు 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండి, ఇప్పుడు లోడ్ రెండున్నరకు తగ్గితే దాన్ని 5కు మార్చండి. రుద్దుకుని తొక్క పోయిన వైరు రేకుకు తగిలిన రోజున, 15 ఆంపియర్ల ఫ్యూజు కంటే అది ఎంతో ముందే తెగుతుంది. ఆ తేడా కొన్నిసార్లు బండి మిగలడానికీ, మసి కావడానికీ మధ్య తేడా. ఫ్యూజు స్థానంలో తీగ చుట్టి ఉందా? అయితే లైట్ల పని ఆపి ముందు దాని సంగతి చూడండి. ఓనరు ‘పర్లేదు’ అన్నా సరే.

జాయింట్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టడం ఇంట్లో ఎలా చెల్లుతుందో గానీ, కదిలే బండిలో చెల్లదు. గుంతల రోడ్డు మీద నెల తిరిగితే అది వదులై వేడెక్కుతుంది. లగ్గులు పెట్టి క్రింపింగ్ టూల్‌తో నొక్కడం, హీట్ ష్రింక్ స్లీవ్ తొడగడం నేర్చుకోండి. బోటులో అయితే తగరం పూత ఉన్న రాగి వైరు వాడండి. మామూలు రాగి ఆ చెమ్మకు లోపలే నల్లబడిపోతుంది. బండి హెడ్‌లైట్లు, ఇండికేటర్ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి మోటారు వాహన నిబంధనల పరిధిలోవి. మీ పని లోపలి గదివరకే.

తీసిన ట్యూబులను గోదాట్లోకి విసిరేయడం, చెత్తకుప్పలో పడేయడం చేయొద్దు. ఈ-వ్యర్థాల నిబంధనల కింద పాదరసం ఉన్న దీపాలు కూడా వస్తాయి. అట్టపెట్టెలో నిలువుగా సర్ది, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. బండిలోనే పగిలితే తలుపులు, కిటికీలు తెరిచి అందరూ పది పదిహేను నిమిషాలు బయటికి వచ్చేయాలి. తర్వాత చీపురు వాడకుండా అట్టముక్కతో ఎత్తి, సన్నటి పొడిని టేపుతో అద్ది, మూత ఉన్న డబ్బాలో వేయాలి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కారవాన్ ఓనరు వెతుక్కుంటూ మీ ఇంటికి రారు. ఊళ్లో ఆటో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లి పాడైపోయిన 12 వోల్టుల ఫిక్చర్ ఒకటి అడగండి. అలాంటివి మూలన పడి ఉంటాయి. బల్ల మీద విప్పి, చోక్ సర్క్యూట్ కాగితం మీద గీయండి. పాత బ్యాటరీ, మల్టీమీటర్, క్రింపింగ్ టూల్, సోల్డరింగ్ ఐరన్.. మొదట్లో ఇంతకుమించి అక్కర్లేదు. బ్యాటరీకి చార్జర్ తగిలించి, తీసి, రెండుసార్లూ స్ట్రిప్ కరెంటు కొలవండి. పైన చెప్పిన లెక్క మీ మీటర్లో కనిపించినప్పుడు అది ఇక మరిచిపోరు.

ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్. ఐటీఐ చేసినవారికి నాప్స్, డిప్లొమా, డిగ్రీ వారికి నాట్స్ పోర్టళ్లున్నాయి. ఏపీఎస్‌ఆర్‌టీసీ డిపోలు ఐటీఐ అభ్యర్థులను అప్రెంటిస్‌లుగా తీసుకుంటూ ఉంటాయి. బస్సు బాడీ వైరింగ్ నేర్చుకోవడానికి డిపోను మించిన బడి లేదు. బీటెక్ వారికి ‘ఇదేం పని’ అనిపించొచ్చు. బస్సు బాడీలకు ఏఐఎస్-052, కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణాలే ఉన్నాయి. బస్సు బాడీలు కట్టే సంస్థలు, ఎలక్ట్రిక్ వాహనాల సంస్థలు, బోట్ యార్డులు అన్నింటికీ తక్కువ వోల్టేజ్ వైరింగ్ డిజైన్ తెలిసినవాళ్లు కావాలి. డ్రాయింగ్ మాత్రమే వేసిన వ్యక్తికంటే, డ్రాయింగ్ వేసి చేత్తో బిగించిన వ్యక్తి ముందుంటారు.

సొంతంగా చేయాలనుకుంటే ముద్రా పథకం శిశు విభాగంలో 50 వేల రూపాయల వరకు రుణం ఉంది. అయితే మొదటి రోజే అప్పు చేయకండి. మూడు, నాలుగు బళ్లు వేరేవారి దగ్గర చేశాక అడగడం మేలు. బ్యాంకు మేనేజర్ కూడా ‘ఇప్పటివరకు ఏం చేశారు’ అనే అడుగుతారు.

రెజ్యూమెలో ‘ఎల్‌ఈడీ లైటింగ్‌పై అవగాహన ఉంది’ అని రాస్తే ఎవరూ చదవరు. మీరు చేసింది అయిదు లైట్ల బండైతే అయిదనే రాయండి. మార్చకముందు ఎంత కరెంటు, మార్చాక ఎంత, చివరి లైటు దగ్గర అప్పుడెన్ని వోల్టులు, ఇప్పుడెన్ని, ఫ్యూజు ఎంత నుంచి ఎంతకు తగ్గించారు.. ఈ నాలుగు అంకెలు రెండు వాక్యాల్లో పట్టేస్తాయి. అవతలివాళ్లు అక్కడి నుంచే ప్రశ్నలు మొదలుపెడతారు. ఆ ప్రశ్నలన్నీ మీకు తెలిసినవే అవుతాయి. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చిందన్నది జనరల్ నాలెడ్జ్ ప్రశ్నకు పనికొస్తుంది. అది లేకుండా తెల్ల ఎల్‌ఈడీ లేదు. కానీ ఉద్యోగం తెచ్చేవి మీ నాలుగు అంకెలే.

పని పూర్తయ్యాక మూత బిగించే ముందు ప్రతి ఫిక్చర్ లోపలా ఒక చీటీ అంటించండి. చోక్ తీసేశామని, నేరుగా డీసీ వస్తోందని, ఎన్ని వోల్టుల పరిధి అని, ఏ వైరు ప్లస్సని, ఏ తేదీన చేశారని. అయిదేళ్ల తర్వాత ఆ మూత తీసేది ఏ రావులపాలెంలోనో, భీమవరంలోనో మరో కుర్ర ఎలక్ట్రీషియన్. పాత ట్యూబు దొరికింది కదా అని అందులో దూర్చకుండా ఆ చీటీ ఆపుతుంది. కింద మీ ఫోన్ నంబరు కూడా రాయండి. తర్వాతి పిలుపు అక్కడి నుంచే రావొచ్చు.